సగటు బాగుంది, మరి తండా సంగతేంటి? పీహెచ్‌సీ లెక్కల్లో తప్పిపోయినవాళ్లను పట్టుకోవడం ఎలా

పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) సిబ్బంది నాణ్యత శిక్షణకి ఎక్కడికి వెళ్లినా టీ విరామంలో ఎవరో ఒకరు పక్కకు పిలిచి ఇదే అడుగుతారు: "చెక్‌లిస్ట్‌లో ఈక్విటీ (సమానత) అని ఒక వరస ఉంది. మేం అందరినీ సమానంగానే చూస్తున్నాం కదా, ఇంకేం చేయాలి?" వచ్చినవాళ్లను సమానంగానే చూస్తున్నారు, ఒప్పుకుంటాను. రానివాళ్లను ఏ రిజిస్టర్లో వెతకాలో, దొరికాక ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పీహెచ్‌సీ డాక్టర్లు, సూపర్‌వైజర్లు, ఎంఎల్‌హెచ్‌పీలు (ఉపకేంద్రాల్లో ఉండే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది), ఏఎన్‌ఎంలు (ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తలు) ఎవరైనా మొదలుపెట్టవచ్చు. ఉదాహరణగా గర్భిణుల చెకప్‌లు తీసుకున్నాను. బీపీ, షుగర్ పరీక్షలకైనా, పిల్లల టీకాలకైనా ఇదే పద్ధతి.

సిద్ధాంతం రెండు ముక్కల్లో. వేల్స్‌లో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లోనే ఒక మాట రాశాడు: వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుంది అని. 2001లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ మంచి వైద్యానికి ఆరు గుణాలు చెప్పింది, అందులో చివరిది సమానత. చివర రాశారు కాబట్టేనేమో, మనమూ చివరికే వదిలేస్తాం.

ఏం కావాలి

- గత ఆరు నెలల గర్భిణుల రిజిస్టరు, ఏఎన్‌ఎంల డ్యూ లిస్టులు (ఎవరికి ఏ చెకప్ ఎప్పుడు చేయాలో రాసుకునే జాబితాలు). వాళ్ల సొంత నోట్‌బుక్కులు కూడా (ఎందుకో రెండో మెట్టులో చెప్తాను).
- మీ పీహెచ్‌సీ పరిధి మ్యాపు. చేత్తో గీసిందే మంచిది. ప్రతి తండా, గూడెం, కాలనీ, శివారు ఇళ్లు, ఇటుక బట్టీ అందులో కనిపించాలి.
- నలుగురైదుగురు మనుషులు. వాళ్లలో ఒక ఆశా కార్యకర్త తప్పకుండా ఉండాలి, అదీ దూరపు ఊరి ఆశా.
- ఒక పెద్ద చార్టు, రెండు రంగుల స్కెచ్ పెన్నులు, వారానికి ఒక గంట.

డబ్బు గురించి అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా: మొదటి మూడు నెలలకి బడ్జెట్ అవసరం లేదు. బడ్జెట్ వచ్చాక చేద్దామని ఆగినవాళ్లు ఇంకా ఆగే ఉన్నారు.

1. ఒక్క అంకె ఎంచుకోండి

మీరు ఇప్పటికే లెక్కపెడుతున్నదే తీసుకోండి. "12 వారాల్లోపు నమోదు" కావచ్చు, "కాన్పులోపు కనీసం నాలుగు చెకప్‌లు" కావచ్చు. రెండూ వద్దు, ఒకటే. తల్లుల మరణాల లాంటివి ఎంచుకోకండి. ఒక్క పీహెచ్‌సీ పరిధిలో అవి చాలా అరుదు, ఏడాదిపాటు చూసినా మీ మార్పు పనిచేసిందో లేదో తెలియదు.

ఇంకో జాగ్రత్త. ఈక్విటీకని వేరే ప్రాజెక్టు మొదలుపెట్టకండి. చేతిలో ఉన్న నాణ్యత ప్రాజెక్టునే రెండుగా విడదీసి చూడండి. వేరే ప్రాజెక్టుకు వేరే ఫైలు పుడుతుంది, ఆ ఫైలు బీరువాలోకి పోతుంది.

2. అందరూ లెక్కలోకి వచ్చారో లేదో చూడండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. గర్భిణుల వివరాలు నమోదు చేసే పోర్టల్లో ఎక్కినవాళ్లలో ఎంతమందికి చెకప్ అయిందని చూస్తాం. అసలు ఎక్కనివాళ్లు ఆ శాతంలో పైనా లేరు, కిందా లేరు. కాబట్టి వాళ్లు ఎంత ఎక్కువగా తప్పిపోతే మన శాతం అంత బాగా కనిపిస్తుంది!

ప్రతి ఆవాసానికి ఏడాదిలో ఎంతమంది గర్భిణులు ఉండాలో ముందు అంచనా వేయండి. జనాభాని జననాల రేటుతో గుణించి, పైన పది శాతం కలపాలి (అబార్షన్లు, మృతశిశువుల కోసం). జననాల రేటు వెయ్యికి 16 అనుకుందాం. 500 మంది ఉన్న తండాలో 8 కాన్పులు, పది శాతం కలిపితే దాదాపు 9 మంది గర్భిణులు. మీ రిజిస్టర్లో ఆ తండా పేరుతో ముగ్గురే ఉంటే మిగతా ఆరుగురు ఏమయ్యారని అడగాలి. ఇది అంచనా మాత్రమే, ఒకరిద్దరి తేడాకి కంగారు పడొద్దు. సగానికి సగం తేడా వస్తే మాత్రం వదలొద్దు.

ఆ ఆరుగురినీ ఎక్కడ వెతకాలి?

ఏఎన్‌ఎం నోట్‌బుక్ చివరి పేజీల్లో. ఆధార్ తేలనివాళ్లు, ఫోన్ నంబరు లేనివాళ్లు, "పేపర్లు తెచ్చాక ఎక్కిద్దాం" అనుకున్నవాళ్లు అక్కడే ఉంటారు. ఈ నోట్‌బుక్ అడిగేటప్పుడు తనిఖీకి వచ్చినట్టు అడగకండి. ఆ పేజీలు ఆమె చేసిన తప్పు కావు. ఆ పేర్లను గుర్తుపెట్టుకున్న ఏకైక మనిషి ఆమే.

ఇటుక బట్టీల్లో, మిరప కోతల్లో. ఒడిశా నుంచి తెలంగాణ బట్టీలకు వచ్చే కుటుంబాలు దసరా, దీపావళి దాటాక వచ్చి వేసవి చివరికి వెళ్లిపోతాయి. గుంటూరు, ఖమ్మం వైపు మిరప కోతలకు వచ్చేవాళ్లు కోతల నెలలే ఉంటారు. జూలైలో సర్వే చేస్తే వాళ్లెవరూ కనబడరు. మీ పక్క పీహెచ్‌సీ కూడా వాళ్లను "మావాళ్లు కాదు" అనే అంటుంది. ఆ నెలల్లో బట్టీని ఒక ఊరిగా మ్యాపులో పెట్టండి.

పుట్టింట్లో. తొలి కాన్పుకి ఏడో నెలలో అమ్మగారింటికి వెళ్లడం మన దగ్గర మామూలే. అత్తగారి ఊరి రిజిస్టర్లో ఆమె "మధ్యలో మానేసిన కేసు", పుట్టింటి ఊరి రిజిస్టర్లో "ఆలస్యంగా నమోదైన కేసు". ఒక్క మనిషి రెండు చోట్లా చెడ్డ లెక్కే. ఫోన్ చేసి కనుక్కుని "పుట్టింట్లో చూపించుకుంటోంది" అని రాసి, ఆమెను విడిగా లెక్కించండి. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తున్నవాళ్లనీ అలాగే విడిగా పెట్టండి. వాళ్లు తప్పిపోయినవాళ్లు కారు.

3. అంకెను విడదీయండి

ఇప్పుడు ఆ ఒక్క శాతాన్ని రెండు ముక్కలు చేయండి. పెద్ద ఊళ్లు ఒకవైపు, దూరపు తండాలు, గూడేలు, బట్టీలు రెండోవైపు. ఎందుకు చేయాలో ఊహకి ఒక లెక్క చూడండి.

మొత్తం 100 మంది గర్భిణులు. పెద్ద ఊళ్లలో 80 మంది ఉంటే 72 మందికి నాలుగు చెకప్‌లూ అయ్యాయి, అంటే 90 శాతం. తండాల్లో 20 మందికి 8 మందికే అయ్యాయి, 40 శాతం. కలిపితే 80 శాతం. ఆర్నెల్లు కష్టపడి చెకప్ రోజు గుర్తుచేయడానికి ఫోన్లు చేశారు. పెద్ద ఊళ్లలో 78 అయింది. తండాల్లో అదే 8. మొత్తం 86 శాతం. మీటింగ్‌లో చప్పట్లు. తండాకీ ఊరికీ మధ్య ఎడం మాత్రం 50 నుంచి 57 దాటింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే.

ఆ ఫోన్లు చెడ్డ పని కాదు. ఫోన్ ఉన్నవాళ్లకు, సిగ్నల్ ఉన్న ఊళ్లకు మాత్రమే అందిన పని. అందరికీ ఒకేలా చేసే ఏ మార్పయినా ముందు అందుబాటులో ఉన్నవాళ్లకే అందుతుంది.

ఎలా విడదీయాలి అని అడిగితే నా ఓటు ముందుగా ఆవాసానికి. కులం, తెగ, వయసు, ఎన్నో కాన్పు అన్నవి తర్వాత. ఎస్సీ, ఎస్టీ వివరం రిజిస్టర్లో ఎలాగూ ఉంటుంది, ఓపీ వరసలో నిలబెట్టి "మీదే కులం" అని అందరి ముందూ అడగొద్దు. ఒకేసారి నాలుగు రకాలుగా విడదీస్తే ఒక్కో గడిలో ఇద్దరు ముగ్గురే మిగులుతారు, అప్పుడు శాతాలకు అర్థం ఉండదు. 20 మంది ఉన్నచోట ఒక్క మనిషి అంటే 5 శాతం. చిన్న గుంపులకు శాతాలు పక్కనపెట్టి పేర్ల జాబితా పెట్టుకోండి. ఆ జాబితా గోడ మీద కాదు, డ్రాయర్లో ఉండాలి.

4. వెళ్లి అడగండి

మానేసినవాళ్లలో అయిదుగురి ఇళ్లకు వెళ్లండి. వస్తున్నవాళ్లను అడిగితే "అంతా బాగుంది మేడం" అంటారు, దానివల్ల ఉపయోగం లేదు. భాష తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లండి. తండాలో గోర్ బోలి (లంబాడీ భాష), ఏజెన్సీలో కోయ, కువి, సవర మాట్లాడేవాళ్లు దొరుకుతారు. వాళ్ల భర్తనో అత్తనో అనువాదకులుగా పెట్టుకుంటే సగం సంగతులు బయటికి రావు.

"ఎందుకు రాలేదు?" అని మొదలుపెట్టకండి. అది నిలదీసినట్టు ఉంటుంది. "పోయినసారి ఆసుపత్రికి వెళ్లిన రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం జరిగిందో చెప్పమ్మా" అనండి. ఆటో ఎన్నింటికి దొరికింది, ఎంత ఇచ్చారు, ఎంతసేపు కూర్చున్నారు, ఎవరేమన్నారు, ఏం తిన్నారు, తిరిగి ఇంటికి ఎన్నింటికి చేరారు. కథంతా వినండి, మధ్యలో సలహాలివ్వకండి. డాక్టర్లకు ఇదే కష్టం.

ఒక తండాలో నాకు ఎదురైంది చెప్తాను. అక్కడ చెకప్‌లకు ఎవరూ రావడం లేదని, అవగాహన లేదని ముందే మాకు చెప్పి పంపారు. వెళ్లి కూర్చుంటే తెలిసిన మొదటి సంగతి: చెకప్ రోజూ, పక్క ఊరి సంత రోజూ ఒకటే. ఆటోలన్నీ సంతకే. సరే, రోజు మారిస్తే సరిపోతుందని లేవబోతుంటే ఒకామె మెల్లగా అంది: "రోజు మార్చినా నేను రాను." ఎందుకంటే మూడో కాన్పు అని తెలిసి పోయినసారి వరసలో అందరి ముందూ ఎవరో తిట్టారు. ఆ మాట తండా అంతా పాకింది. రోజు మార్చడం అరగంట పని. రెండో దానికి నాలుగు నెలలు పట్టింది.

అందుకే మీ కారణాల జాబితాలోంచి "అవగాహన లోపం" అన్న మాటను ముందే కొట్టేయండి. అది రాస్తే వెతకడం అక్కడితో ఆగిపోతుంది. దాని బదులు ఈ ఆరింటిలో ఏదో రాయండి: దూరం, కూలి పోవడం, ఖర్చు, భాష, అవమానం. ఆరోది కాగితాలు.

5. ఒక్క చిన్న మార్పు, ఒక్క చోట

తండాలన్నింటికీ ఒకేసారి వద్దు. ఒక తండా, ఒక ఏఎన్‌ఎం, ఒక్క రోజు. అనుకున్నది చేసి చూడండి, ఏమైందో రాసుకోండి, మార్చి మళ్లీ చేయండి. మొదటిసారి పనిచేయకపోతే నష్టమేమీ లేదు, ఒక్క రోజేగా.

కారణాన్ని బట్టి ప్రయత్నించదగ్గవి:

దూరమైతే, నెలకొకసారి ఏఎన్‌ఎం, ఎంఎల్‌హెచ్‌పీ తండాకే వెళ్లి చెకప్ చేయడం. బీపీ మిషను, తూకం, హిమోగ్లోబిన్ పరీక్ష సామాను వెంట ఉండాలి, అవి లేకుండా వెళ్లొస్తే అది పలకరింపే. ప్రతి నెలా 9న జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ రోజుకి తండా వాళ్లను ఒకే వాహనంలో తేవడం ఇంకో దారి. అల్లూరి జిల్లా కొండల మీదలా డోలీ కట్టాల్సిన చోట నెలలు నిండేదాకా ఆగకండి. కాన్పు తేదీకి ముందే కిందికి తెచ్చి ఉంచే ఏర్పాటు ఉందేమో చూడండి. సాలూరులో ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) నడిపిన గర్భిణుల వసతి గృహం అలాంటిదే.

కూలి పోతోందంటే, సమయం మార్చండి. పొద్దున 10 గంటలు మనకు వీలైన సమయం. కూలీలకు సాయంత్రమో, పని లేని రోజో వీలు. బట్టీల్లో మేస్త్రీతో ముందే మాట్లాడాలి, లేకపోతే మనిషిని వదలడు.

ఖర్చయితే, ఎక్కడ అవుతోందో రూపాయలతో సహా రాసుకోండి. 2011 నుంచి జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రాకపోకల వాహనం అన్నీ ఉచితమే. అయినా డబ్బు అవుతోందంటే, దాన్ని ఎవరో వసూలు చేస్తున్నారనో, బయటికి రాసిస్తున్నారనో అర్థం. అది తండా సమస్య కాదు, మన సమస్య.

భాషకి, పోస్టర్లు అచ్చు వేయించకండి. లిపి చదవడం రానివాళ్లకి పోస్టరు గోడే. చెకప్ రోజు ఆ భాష మాట్లాడే ఆశాను పీహెచ్‌సీలో కూర్చోబెట్టండి.

అవమానానికి, మీటింగ్‌లో ఉపన్యాసం ఇస్తే ఏమీ కాదు. మేం చేసిందేమిటంటే, చెకప్ గదిలోకి ఒక్కొక్కరినే పిలవడం, ఎన్నో కాన్పు అన్న ప్రశ్న వరసలో కాకుండా లోపలే అడగడం, తిట్టిన సిస్టర్‌నే ఆ తండాకి రెండుసార్లు తీసుకెళ్లడం. మూడోది అందరిచోటా పనిచేస్తుందని చెప్పను.

కాగితాలకి, పేపర్లు లేకపోయినా చెకప్ ముందు, ఎంట్రీ తర్వాత అని డాక్టరుగారే అందరికీ చెప్పాలి.

6. ఒకే చార్టులో రెండు గీతలు గీయండి

నెల నెలా పెద్ద ఊళ్లకు ఒక రంగు, తండాలకు ఇంకో రంగు. సగటు గీత గీయనే వద్దు, అది గీస్తే అందరి కళ్లూ దాని మీదికే పోతాయి. తండా గీత పైకి వెళ్లాలి, పెద్ద ఊళ్ల గీత పడిపోకూడదు. ఈ రెండూ జరిగితేనే ఎడం సరిగ్గా తగ్గినట్టు. పెద్ద ఊళ్లలో పని ఆపేసి తండాలకు వెళ్లినా ఎడం తగ్గుతుంది మరి!

ఒక నెల పెరగ్గానే సంతోషపడకండి. మార్పుకి ముందు నెలల మధ్య విలువను (అంకెల్ని చిన్నది నుంచి పెద్దదాకా పేరిస్తే నడిమిది) గీతగా గీసుకుని, ఆ తర్వాత వరసగా ఆరు చుక్కలు దానికి పైనే పడితే అప్పుడు నిజంగా మారిందనుకోవచ్చు. తండాలో నెలకి ఒకరిద్దరే గర్భిణులుంటే శాతం వద్దు. ఒక్కో మనిషికి ఒక చుక్క పెట్టండి, చెకప్‌లన్నీ అయితే నింపిన చుక్క, లేకపోతే ఖాళీ చుక్క.

నిజంగా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

రిజిస్టరు నమ్మకండి. నెలకి తండా నుంచి ముగ్గురి ఎంసీపీ కార్డులు (తల్లీబిడ్డల చెకప్‌లు రాసే కార్డులు) వాళ్లింట్లోనే చూడండి. "నాలుగు చెకప్‌లు" అని రాసి ఉంటే ప్రతిదానికీ బరువు, బీపీ, హిమోగ్లోబిన్, మూత్ర పరీక్ష, పొట్ట చూడటం అయ్యాయా? పెద్ద ఊళ్లో అయిదూ చేసి, తండాలో బరువు ఒక్కటే చూసి ఒకే గడిలో టిక్ పెట్టడం నేను చాలా చోట్ల చూశాను. సంఖ్యలో సమానం, వైద్యంలో కాదు.

బీపీ గడి పైనుంచి కిందికి చదవండి. పదిమందికీ 120/80 ఉంటే మిషను సంచిలోంచి బయటికి రాలేదన్నమాట. హిమోగ్లోబిన్ అందరికీ 10 దగ్గరే ఉంటే అదీ అంతే. నిజమైన గర్భిణుల్లో 11 దాటినవాళ్లూ ఉంటారు, 7 కన్నా తక్కువ ఉండి వెంటనే పెద్దాసుపత్రికి పంపాల్సినవాళ్లూ ఉంటారు. పంపామని రాసిన పేరు ఉంటే, ఆమె నిజంగా అక్కడికి చేరిందా అని ఫోన్ చేసి కనుక్కోండి. 180 ఐరన్ మాత్రలు ఇచ్చామన్నచోట ఇంట్లో మిగిలిన మాత్రలు చూపించమనండి, తిట్టకుండా.

ఎక్కువగా చేసే తప్పులు

మెగా క్యాంపు పెట్టడం. టెంటు, ఫొటోలు, ఒక్క రోజు హడావుడి. ఆ నెల చుక్క ఆకాశానికి, మరుసటి నెల మళ్లీ నేలకి. గర్భానికి తొమ్మిది నెలలుంటే క్యాంపుకి ఒక్క రోజే ఉంది.

దూరపు ఊరి ఆశా మీద నెపం వేయడం. ఆమె తండాకి నడిచే దూరం పెద్ద ఊరి ఆశాకి లేదు. ఆశాల నెలవారీ సమావేశం (ఆశా డే) నాడు "నీ తండాయే వెనకబడింది" అని నిలబెట్టి అంటే వచ్చే నెల అంకె తప్పకుండా పెరుగుతుంది, చెకప్‌లు మాత్రం పెరగవు.

తండా వాళ్లను మీటింగ్‌కి పిలిచి వెనక కుర్చీల్లో కూర్చోబెట్టి మనమే మాట్లాడటం. పిలిస్తే ముందు వాళ్లే మాట్లాడాలి, మీటింగూ వాళ్ల చెట్టు కిందే పెట్టాలి.

ఒక మనిషి మీద అంతా నిలబెట్టడం కూడా తప్పే. చురుకైన ఏఎన్‌ఎం బదిలీ అయిపోతే మూడు నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. తండా చెకప్ తేదీని ఆమె డైరీలో కాదు, పీహెచ్‌సీ నెల ప్రణాళికలో రాయండి. బట్టీల మ్యాపు, భాష తెలిసినవాళ్ల పేర్లు, ఏ నెలలో ఎవరు వస్తారన్నది ఒక పేజీలో పెట్టి, కొత్తవాళ్లకు ఛార్జి అప్పగించేటప్పుడు ఆ పేజీ మీద సంతకం తీసుకోండి.

"జిల్లా మీటింగ్‌లో సగటే అడుగుతారు, మరి?"

ఇది చివరి ప్రశ్న, ప్రతిసారీ వస్తుంది. సగటు అడిగితే సగటు ఇవ్వండి. దాని కిందే, అడగకపోయినా, తండాల వరస ఒకటి రాసి పంపండి. మొదటి రెండు నెలలు ఎవరూ పట్టించుకోరు. మూడో నెల ఎవరో ఒకరు "ఈ రెండో వరస ఏంటి?" అంటారు. అప్పుడు చార్టు తీసి చూపించండి, పక్క పీహెచ్‌సీ వాళ్లు కూడా చూసేలా.